మా తొలి ఆల్బం, తొండుపల్లి జున్ను

ప్రపంచంలో ఇప్పటిదాకా వచ్చిన రాక్ ఆల్బమ్‌లలో గొప్ప తొలి ఆల్బం ఏదన్న వాదనలో నేను శంషాబాద్ చాయ్ హోటల్‌లో ఒక గ్లాసు పగలగొట్టాను. కావాలని కాదు, కోపంతో బల్ల గుద్దితే అదే కిందపడింది. గల్లా దగ్గర కూర్చున్నాయన లేచి వచ్చి, "అక్కా, మీ పంచాయితీ జర బయట పెట్టుకోరాదు," అన్నాడు. సరే అని బయటికి వెళ్లాం. బయట కూడా అదే వాదన.

విమానాశ్రయం తెరిచి అప్పటికి రెండేళ్లు దాటింది. మేం నలుగురం, మాకో బ్యాండు. దానికి మేం పెట్టుకున్న పేరు ఇక్కడ రాయను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. పాడేది నేను. డిగ్రీ అయిపోయి, పై చదువుకు పోతానని ఇంట్లో చెబుతూ, పోకుండా తిరుగుతున్న రోజులవి. గిటార్ వాయించేవాడు మా బజారులో ఏసీలు బాగుచేసే ఇంటి కుర్రాడు. వాళ్లింట్లో ఉర్దూ, మాతో తెలుగు, గిటార్ తీగ తెగితే మాత్రం రెండూ కలిపి తిట్టేవాడు. డ్రమ్ములు కొట్టేది తొండుపల్లి పాలవాళ్ల అబ్బాయి. పొద్దున వాళ్లమ్మతో కలిసి ఇంటింటికీ పాలు పోసి, సాయంత్రం దొరికినదాని మీదల్లా దరువేసేవాడు. బేస్ గిటార్ వాయించేది కాకినాడ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినాయన. విమానాశ్రయంలో పెట్టెలు తిరిగే బెల్టు దగ్గర పని. మాకంటే నాలుగేళ్లు పెద్ద. అయినా మమ్మల్ని 'అండీ' అనే పిలిచేవాడు. అందుకని మేం ఆయనకు 'గారు' అని పేరు పెట్టాం. ముందూ వెనకా ఏమీ లేదు, ఉత్త గారు.

ఆదివారాలు కోఠీ ఫుట్‌పాత్ మీద వెతికి తెచ్చిన పాత డిస్కులు, నెట్ సెంటర్‌లో పెన్‌డ్రైవ్ నింపుకొచ్చినవి, ఇవే మా ఆస్తి. వింటాం, విన్నదాని మీద కొట్లాడతాం. తొలి ఆల్బమ్‌ల మీద కొట్లాట ఇంకా రుచిగా ఉండేది. ఎందుకంటే ఏ బ్యాండుకైనా రెండోది మూడోది చాలా ఉంటాయి, తొలిది ఒక్కటే ఉంటుంది. తొలిదానిలో వాళ్లకు ఏమీ తెలియదు. ఆ తెలియకపోవడమే నాకు మహా ఇష్టం. గిటారోడి లెక్క ప్రకారం మొదటి పాటలో మొదటి సోలో వినగానే రోమాలు లేవాలి. గారి లెక్క వేరు. అట్ట మీద ఒక పండు బొమ్మ తప్ప ఇంకేమీ లేని ఆల్బం ఒకటుంది, దానిని మించింది లేదు, ఇక మాట్లాడొద్దు అండీ. డ్రమ్ములోడికి ఏది గట్టిగా వినిపిస్తే అది గొప్ప.

నా లెక్క మాత్రం ఇది. మనకు ఏమీ కాని మనిషి, మన ముఖం తెలియని మనిషి, మొహమాటం లేని మనిషి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా లేవకుండా వింటే అది గొప్ప తొలి ఆల్బం. లేకపోతే కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు. స్నేహితులు మెచ్చుకుంటే ఏమొస్తుంది? అమ్మానాన్నలు మెచ్చుకుంటే ఇంకా ఏమీ రాదు. గ్లాసు పగిలింది ఈ మాట దగ్గరే.

"గట్లయితే మనమే ఒకటి తీద్దాం, ఎవడు వింటడో చూద్దాం," అన్నాడు గిటారోడు, పగిలిన ముక్కలు ఏరుతూ.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పాట ఒక్కటీ లేదు, ఆల్బమ్‌కు పేరు పెట్టేశాం, అట్ట మీద బొమ్మ కూడా గీసేశాం. పాటలు తర్వాత వచ్చాయి. శంషాబాద్‌లో ఆగకుండా పోయే బస్సు మీద ఒకటి, నీళ్ల ట్యాంకర్ కోసం తన్నుకునే ఆడవాళ్ల మీద ఒకటి, కరెంటు మీద ఒకటి. అన్నీ అరుపులే. చివరిది మాత్రం నేను రాసింది, నెమ్మదిగా ఉంటుంది. డ్రమ్ములు లేవు, బేస్ కూడా ఉందా లేదా అన్నట్టుంటుంది. సాయంత్రం బస్టాపులో ఒక మనిషి ఇంటికి పోవాలని లేక కూర్చున్న పాట అది. ముగ్గురూ వద్దన్నారు. "గోల చేసి చేసి చివరికి ఏడుస్తమా? గంత దూరం ఎవడొస్తడు వినేటానికి?" అన్నాడు గిటారోడు. నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు ఆ పాట ఆల్బమ్‌లోకి వచ్చింది.

సాధన చేసే చోటు తొండుపల్లిలో డ్రమ్ములోడి వాళ్ల బర్రెల కొట్టం. సగంలో బర్రెలు, సగంలో మేం. శబ్దం మోగకుండా కొత్తూరు కోళ్లఫారం నుంచి గుడ్ల అట్టలు తెచ్చి గోడలకు కొట్టాం. వాసన ఎలా ఉండేదో చెప్పను. బర్రెలు మొదట్లో బెదిరాయి, తర్వాత అలవాటు పడ్డాయి, ఇంకా తర్వాత మేం రాకపోతే అరవడం మొదలుపెట్టాయి. డ్రమ్ములోడి వాళ్లమ్మను మేమందరం పెద్దమ్మా అనేవాళ్లం. ఆమె పాలు పిండుతూనే మా పాటలు వినేది. "ట్యాంకర్ పాట పాడుండ్రి, గా నల్లది సేపుతది," అనేది. నిజంగానే ఆ పాటకు ఆ బర్రె పాలు చేపేది. రాక్ సంగీతం గురించి నేను విన్న మెప్పుల్లో దానికి సాటి లేదు.

కష్టమల్లా విమానాలతో. మా కొట్టం సరిగ్గా అవి దిగే దారి కింద ఉండేది. మంచి ఊపు మీద ఉండగా పైన ఒకటి వచ్చేది, నలుగురం చేతులు పైకెత్తి ఆగిపోయేవాళ్లం, అది దిగాక మళ్లీ మొదలు. గారికి డ్యూటీల వల్ల ఏ వేళకు ఏది వస్తుందో తెలుసు కనక, "తొందరగా కానివ్వండి, దుబాయ్‌ది వచ్చేస్తుంది," అని కంగారు పెట్టేవాడు. అయినా మూడో పాట మధ్యలో ఒక విమానం ఉండిపోయింది. అప్పటికే గొంతు పోయి ఉన్నాను. మళ్లీ పాడమంటే కొడతానన్నాను. ఆ విమానం అలాగే ఆల్బమ్‌లో దిగింది.

రికార్డు చేసింది పెళ్లి వీడియోలు తీసే ఒకాయన. కొట్టానికి మైకులు తెచ్చి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఓపికగా పట్టాడు. తన షాపులో కూర్చుని కలిపాడు. పాటలను ఒక అట్టపెట్టె నిండా సీడీల్లోకి ఎక్కించి, మా బొమ్మ అంటించి, శుక్రవారం సాయంత్రం చేతిలో పెట్టాడు. పెట్టెను చూస్తే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. అప్పుడే ఒకటి తీసి వినాలని నలుగురికీ ఉంది. కానీ మేం ఒట్టు పెట్టుకున్నాం. శనివారం పొద్దున చాయ్ హోటల్‌లో, గ్లాసు పగిలిన ఆ బల్ల దగ్గరే, నలుగురం కలిసి పెట్టె తెరుస్తాం. అక్కడి నుంచి ఒక డిస్కు పట్నం తీసుకుపోతాం. ఎందుకంటే పట్నంలో ఒకాయన కొత్త బ్యాండ్లతో పెద్ద మైదానంలో కచేరీ పెడుతున్నాడు. తొలి ఆల్బం తెచ్చి ఇమ్మన్నాడు. గడువు శనివారం సాయంత్రం. ప్రకటనలో ఒక మాట రాశాడు: ప్రతి ఆల్బమ్‌నూ మొదటి నుంచి చివరి దాకా స్వయంగా వింటానని. ఆ మాట చదివి నాకు స్టేజీ కూడా అక్కర్లేకపోయింది. మాకు ఏమీ కాని ఒక మనిషి చివరి పాట దాకా వింటాడు, అది చాలు.

చల్లగా ఉంటుందని పెట్టెను పెద్దమ్మ ఇంట్లో, పాలకుండల పక్క గూట్లో పెట్టాం. అదే వారంలో ఆ నల్ల బర్రె ఈనింది.

జున్నుపాలు మా వైపు అమ్మరు. ఈనిన బర్రె మొదటి పాలు ఇరుగుపొరుగుకు, పాలు పోసే ఇళ్లకు గిన్నెల్లో పోసి పంచుతారు. శనివారం పొద్దున్నే పెద్దమ్మ గిన్నెలు సర్దుతుంటే గూట్లో పెట్టె కనబడింది. కొడుకు ఇంకా నిద్రలో ఉన్నాడు. ఏందిరా ఇది అని అడిగితే, కళ్లు తెరవకుండా, "మా మొదటిదమ్మా," అన్నాడట. అంతే. ఆమెకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

మేం పోయేసరికి పెట్టె ఖాళీ. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని, పని అయిపోయిన మనిషిలా ఆకువక్క నములుతోంది.

"పెద్దమ్మా, పెట్టెల సీడీలు ఏమైనయి?"

"పంచిన బిడ్డా. జున్నుపాల గిన్నె మీద ఒక్కొక్కటి పెట్టి ఇచ్చిన."

"పంచినవా? అన్నీ?"

"మొదటియి గద. మొదటి పాలు అమ్ముకుంటమా? అమ్ముకున్నోళ్ల ఇంట్ల పాడి నిలుస్తదా? మీరు ఇంకెన్ని తీయాలె ముందుముందు. అందరు సంబురపడ్డరు," అంది. కొడుకు వైపు తిరిగి, "బొట్టు గూడ పెట్టిన్రా," అని కలిపింది.

గారు మెల్లగా అడిగాడు. "బొట్టు ఎటువైపు పెట్టారండీ?"

"మెరిసే దిక్కు నాయనా. మొకం గటే ఉంటది గద. పసుపు తడిపి, కుంకుమ పెట్టి, మంచిగ దిద్దిన."

గారు అక్కడే గడ్డిమోపు మీద కూర్చుండిపోయాడు. డ్రమ్ములోడు తల గోడకు ఆనించాడు. అత్తసొమ్ము అల్లుడు దానం అని అందామనుకున్నాను, కానీ ఆమె ముఖం చూస్తే నోరు రాలేదు. అంత సంతోషంగా ఉంది. మా పాటలను తన బర్రె పాలతో సమానం చేసింది, అంతకంటే పెద్ద మర్యాద ఆమె దగ్గర లేదు. నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. నవ్వే గెలిచింది. కాసేపటికి నలుగురం వాకిట్లో పడి పడి నవ్వుతున్నాం. పెద్దమ్మ, "ఏమైందిరా వీళ్లకు," అని లోపలికి పోయింది.

గిటారోడు ముందు తేరుకుని వీడియో ఆయనకు ఫోన్ చేశాడు. ఆయన నిద్రమత్తు గొంతుతో, "తీసేసిన తమ్మీ, పెళ్లిళ్ల సీజన్ కదా, కంప్యూటర్ల జాగ లేదు. పెట్టె నిండ ఇచ్చిన గద, ఇంకేం గావాలె?" అన్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి. ఊళ్లో తిరిగి ఒక్క డిస్కు వెనక్కి తెచ్చుకోవాలి.

"ఇచ్చింది మళ్ల అడుగుతరా? అడిగితే బర్రె తన్నుతది," అంది పెద్దమ్మ లోపలి నుంచి.

తన్నితే తన్నిందిలే అని బయల్దేరాను. సగం రోజు మిగిలి ఉంది, ఒక్క డిస్కు చాలు. మొదటి ఇంటివాళ్ల మక్కచేనులో మా ఆల్బం అప్పుడే కర్రకు వేలాడుతోంది. గాలికి తిరిగి మెరుస్తుంటే చిలకలు రావట. చేనాయన చాలా మెచ్చుకున్నాడు. "మంచి వస్తువు బిడ్డా, ఇంకొకటి ఉంటే ఆ మూలకు గూడ కడుదు," అన్నాడు. రెండో ఇంటి వాళ్లు ఆటో అద్దానికి నల్లదారంతో కట్టుకున్నారు. మూడో ఇంట్లో అది దేవుడి గూట్లో ఉంది, బొట్టు మీద ఇంకో బొట్టు పడి, పైన ఒక బంతిపువ్వు. ఆ గూడు ముందు నిలబడితే నాకు అడగడానికి ధైర్యం చాలలేదు. దండం పెట్టుకుని బయటికి వచ్చాను. ఇంకో ఇంట్లో అది మామిడికాయ తొక్కు జాడీ మీద మూతయింది. "నడిమిట్ల పొక్క ఉన్నది గద, గాలాడుతది," అంది ఆ ఇంటి కోడలు. ఆమె చెప్పిన దాంట్లో న్యాయం ఉంది.

ఒక ఇంట్లో మాత్రం పాట వినబడింది. పరిగెత్తుకుంటూ పోయాను. టీవీ కింద పెట్టిన ప్లేయర్‌లో మా బస్సు పాట, "ఆగదు ఆగదు ఆగదు" అన్నచోట ఆగిపోయి, అదే మాటను తిప్పి తిప్పి పాడుతోంది. పసుపు దాటి ముందుకు పోలేకపోతోంది. ముందు గదిలో ఆ ఇంటి పిల్లలు దానికే ఎగురుతున్నారు. "గింతే పాటనా అక్కా? మంచిగుంది," అన్నాడు వాళ్ల నాన్న. ఇంకా ఉంది అన్నా అని చెప్పబోయి, ఆ పిల్లల ఎగురుడు చూసి ఊరుకున్నాను.

మిగతావాళ్లు కూడా తలో వైపు తిరిగి రెండు మూడు పట్టుకొచ్చారు. గారు వాటిని బోరింగు దగ్గర కూర్చోబెట్టి, సబ్బు పెట్టి, పసిపిల్లలకు పోసినట్టు తలంట్లు పోశాడు. ఎండిన పసుపు గోటితో తప్ప రాలేదు, గోటితో గీకితే గీతలు పడ్డాయి. ప్లేయర్‌లో పెడితే ఒకటి గుర్రుమంది, ఒకటి అసలు మాట్లాడలేదు. మధ్యాహ్నం కావస్తోంది. నేను బోరింగు గట్టు మీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టాను. నవ్వితే నవ్వారు, నేను ఏడుపు దాచుకునే మనిషిని కాదు.

పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది. విషయం అప్పటికి ఆమెకు అర్థమైంది. "బొట్టు పెట్టంగనే పాట పోతదా? నాకేం ఎర్క బిడ్డా," అంది. అంతలోనే, "దర్జీ చాచకు ఇచ్చిందానికి పెట్టలే," అంది.

నలుగురం ఆమె వైపు తిరిగాం.

"వాళ్లింట్ల పెట్టరు గద. గందుకే కడిగి తుడిచి ఉత్తగనే ఇచ్చిన. పో, నువ్వే అడుగు. బర్రె సంగతి నేను చూసుకుంట."

దర్జీ చాచా షాపు శంషాబాద్ రోడ్డు మీద. మేం పోయేసరికి అక్కడ మా ట్యాంకర్ పాట గట్టిగా మోగుతోంది, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా గుర్రుమనకుండా. ఆయన మిషను తొక్కుతున్నాడు, కాలు సరిగ్గా డ్రమ్ముల మీద పడుతోంది. డ్రమ్ములోడు గుమ్మంలో నిలబడి ఆ కాలు వైపే చూస్తూ ఉండిపోయాడు. చాచాకు విషయమంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆయన పాట అయిపోయేదాకా ఆగి, ప్లేయర్ ఆపి, డిస్కును శుభ్రమైన పాప్లిన్ ముక్కలో చుట్టి నా చేతికిచ్చాడు.

"పొద్దటిసంది ఇదే పెట్టిన బేటీ. పని మంచిగ నడిచింది. శామ్ దాకా, పొద్దుగూకకముందే తెచ్చిస్తవా? పెళ్లి జాకెట్లు శానా ఉన్నయి."

"తెచ్చిస్త చాచా," అన్నాను.

గిటారోడి బైకు మీద ఇద్దరం పట్నం బయల్దేరాం. ఫ్లైఓవర్ మీదికి బైకుల్ని రానివ్వరు కనక కింది నుంచే, లారీల మధ్య నుంచి. డిస్కును చున్నీలో చుట్టి గుండెకు హత్తుకుని కూర్చున్నాను. దారి పొడుగునా పాడుతూనే ఉన్నాను. సిగ్నళ్ల దగ్గర ఆటోవాళ్లు తిరిగి చూస్తున్నారు, నేను ఇంకా గట్టిగా పాడుతున్నాను. ఆ రోజు ఆ బైకు మీద ఉన్నంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడైనా ఉన్నానా అంటే చెప్పలేను.

పట్నం ఆయన ఆఫీసులో ఏసీ ఉంది, గోడల నిండా గిటార్లు ఉన్నాయి, ఆయనకు పిలక ఉంది. మర్యాదగా కూర్చోమన్నాడు. డిస్కు కంప్యూటర్‌లో పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. నేను ఆయన ముఖం చూస్తున్నాను, గిటారోడు ఆయన వేలు చూస్తున్నాడు. వేలు చూసినవాడికే ముందు అర్థమైంది. పాట మొదలవుతుంది, ఆయన తల కొంచెం ఊగుతుంది, వేలు నొక్కుతుంది, తర్వాతి పాట. ఇంకోసారి నొక్కుతుంది, ఇంకో పాట. మా కోసం తెప్పించిన చాయ్ ఇంకా వేడిగా ఉండగానే ఆల్బం అయిపోయింది. చివరి పాటలో నా గొంతు మొదలవకముందే హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"పచ్చిగా ఉంది, కానీ ప్రామిసింగ్. ఇంకొంచెం పాలిష్ కావాలి. రెండో ఆల్బం చేసినప్పుడు తప్పకుండా రండి," అన్నాడు.

"సార్, మొదటి నుంచి చివరి దాకా వింటమని రాసిన్రు గద," అన్నాను.

"విన్నాను కదమ్మా. చివరి దాకా విన్నాను."

గిటారోడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. నన్ను ఎరిగినవాడు కనక. నేను అరవలేదు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, ఆయన కంప్యూటర్ బటన్ నేనే నొక్కి డిస్కు బయటికి తీశాను. "అది ఇక్కడ ఉంచాలమ్మా," అన్నాడాయన. "ఉంచలేను సార్. మా దర్జీ చాచాది. జాకెట్లు ఆగిపోయినయి," అని చెప్పి, పాప్లిన్ గుడ్డలో చుట్టుకుని వచ్చేశాను. ఆయన నన్ను పిచ్చిదనుకుని ఉంటాడు. ఆ పూట కొంచెం పిచ్చిదాన్నే.

తిరుగుదారిలో నేను పాడలేదు. గిటారోడు అద్దంలో ఒకటి రెండుసార్లు నన్ను చూశాడు. ఆరాంఘర్ దాటాక, "గారు అంటనే ఉన్నడు గద, పండు బొమ్మ ఆల్బం గూడ మొదట ఎవడూ వినలేదని," అన్నాడు. నాకు మనసు కుదుటపడలేదు. పండు బొమ్మ సంగతి నాకెందుకు? నాకు నా చివరి పాట కావాలి. ఒక్కరు, ఒక్క పరాయి మనిషి వినాలి. ఆ ఒక్కరూ దొరకలేదు. అట్ట మీద బొమ్మ ముందే గీసుకుని గెంతులేసిన దానికి ఇదే శాస్తి అనుకున్నాను.

షాపు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం నమాజుకు పిలిచే మగ్రిబ్ అజా వినబడుతోంది. గిటారోడు నన్ను దించి మసీదుకు పోయాడు. చాచా కూడా షాపు అలాగే వదిలి నమాజుకు వెళ్లినట్టున్నాడు, మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది. బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్లు ఎదురుచూస్తూ కూర్చున్నారు. పెళ్లి బట్టల కోసం కొత్తూరు నుంచి వచ్చారట. వాళ్లను నేను ఎన్నడూ చూడలేదు, వాళ్లు నన్ను చూడలేదు. అందులో పెద్దావిడ, ఒక అవ్వ, మంచి కోపం మీద ఉంది.

"పాటలు లేక చాచకు చెయ్యి తిరగబడ్డది," అని పక్కామెతో అంటోంది. "నా మనవరాలి జాకెట్టుకు రెండు చేతులూ ఎడమ దిక్కువే కుట్టిండు. నేను లైనింగు గుడ్డకు పోయొచ్చేసరికి ఎవతో పోరి వచ్చి ఆ పాటల బిళ్ల ఎత్కపోయిందట. గట్లెట్ల ఇచ్చిండో."

నేను పాప్లిన్ గుడ్డ విప్పాను. "నేనే అవ్వా. మళ్ల తెచ్చిన," అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వేనా ఆ పోరివి. మంచిగున్నయంటే సొంతంగ ఒకటి కొనుక్కోరాదు."

"కొందామంటే ఎక్కడా దొరుకుతలేదవ్వా."

"దొరక్కపోతే ఇంకొకళ్లయి ఎత్కపోతరా? పెట్టు, పెట్టు. చాచ వచ్చేసరికి షురూ కావాలె."

పెట్టాను. ప్లేయర్ మూత రెండుసార్లు జారింది. బస్సు పాట వచ్చింది, అవ్వ మోకాలు ఊగింది. ట్యాంకర్ పాటకు పక్కామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఎందుకంటే అందులో బిందెతో కొట్టుకునే చోటు ఒకటుంది. మూడో పాటలో విమానం వచ్చినప్పుడు ముగ్గురూ మాట ఆపారు, అది దిగిపోయాక మళ్లీ మొదలుపెట్టారు, ఈ ఊళ్లో అందరూ చేసినట్టే. చాచా వచ్చాడు. నన్ను చూసి నోరు తెరవబోయాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నవ్వి, మిషను ఎక్కాడు. ఎవరూ దేన్నీ నొక్కలేదు. ఎవరూ లేవలేదు. ఒక జాకెట్టు పూర్తయి, ఆ పక్కామెది, మడిచి ఇచ్చాడు. తీసుకుని పోవలసిందే ఆమె. సంచీలో పెట్టుకుని మళ్లీ కూర్చుంది.

నమాజు అయిపోయి గిటారోడు బయట బైకు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంట్లో ఏం చెప్పాలో ఏమో, పొద్దుపోయింది. నేను మెల్లగా గుమ్మం వైపు కదిలాను.

"ఏడికి పోతున్నవ్?" అంది అవ్వ. "జర ఆగు. ఇగ ఆఖరి పాట వస్తది. అందరు లొల్లి లొల్లి చేసి చేసి, ఆఖరికి ఒక్క పిల్ల పాడ్తది. పొద్దుగాల రెండుసార్లు విన్న, మళ్ల వినాలనే కూసున్న. నువ్వు విన్నవా అది?"

"లేదవ్వా," అన్నాను. "వినలే."

ఆమె బెంచీ మీద కొంచెం జరిగి, పక్కన చోటిచ్చింది. పోయి కూర్చున్నాను.